ఇంటి కంప్యూటరు: పాత వ్యవస్థయా, కొత్త వ్యవస్థయా?

విజయవాడవద్ద కృష్ణానదిపై 1852లో ప్రారంభమై 1855లో ముగిసిన ఆనకట్ట సుమారు నూరు సంవత్సరములు డెల్టా భూములకు నీరందించినది. 1952లో అది ఒకచోట తెగినది. అప్పుడు ప్రభుత్వము ముందు రెండు మార్గములు నిలిచినవి. పాత కట్టడమునే బాగుచేసి మరికొంతకాలము నెట్టుకొని వచ్చుట మొదటిది; దాని స్థానమున మరియొక కట్టడమును నిలుపుట రెండవది. 1954లో కొత్త బ్యారేజి పని ఆరంభమైనది. 1957 డిసెంబరులో అది పూర్తియై టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు దాల్చినది.

ఈ మార్పులో గమనింపదగిన విషయ మొకటి కలదు. నదికి అడ్డముగా ఉన్న కట్టడము మారినదే కాని, దాని వెనుకనున్న బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మారలేదు. పిల్లకాలువలు, బోదెలు, పొలముల గట్లు యథాప్రకారముగనే ఉన్నవి. దివిసీమలోని రైతుకు నీరు వచ్చు దారి అదే. కట్టడమును మార్చిననూ కాలువలను కాపాడుకొనుటయే ఆ పని సఫలమగుటకు కారణము.

నేడు కంప్యూటరు ఉన్న ప్రతి ఇంట ఇటువంటి ప్రశ్నయే ఎదురగుచున్నది. యంత్రములోని ఆపరేటింగ్ సిస్టమ్ పాతబడినప్పుడు దాని తరువాతి రూపమునకు పోవలెనా, లేక వేరొక వ్యవస్థకు మారవలెనా? ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించును. కాని ఒక ఉపాధ్యాయుడు ఇరువది ఏండ్లుగా తయారుచేసిన ప్రశ్నపత్రములు, ఒక ముద్రాపకుడు అచ్చువేసిన గ్రంథముల ప్రతులు, ఒక కుటుంబపు ఛాయాచిత్రములు దీనిపై ఆధారపడియున్నవి. కనుక ఈ ప్రశ్న ఎట్లు పుట్టినదో, తెలుగు దేశమున అది ఎట్టి ప్రత్యేక రూపము దాల్చినదో తెలిసికొనుట అవసరము.

యంత్రమునకు, పనికి నడుమ

కంప్యూటరులో లెక్కించు భాగము, జ్ఞాపకముంచుకొను భాగము, డిస్కు, తెర, కీబోర్డు అను అవయవములు కలవు. ఇవి నదివంటివి. ఉత్తరము వ్రాయుటకు, లెక్కలు వేయుటకు, బొమ్మలు చూచుటకు వాడు ప్రోగ్రాములు కాలువలవంటివి. నదిలోని నీటిని ఏ కాలువకు, ఎప్పుడు, ఎంత వదలవలెనో నిర్ణయించు హెడ్ రెగ్యులేటరు వంటిది ఆపరేటింగ్ సిస్టమ్. ప్రోగ్రాము నేరుగా డిస్కును ముట్టుకొనదు. “ఈ పత్రమును భద్రపరచుము” అని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడుగును. అందువలన ఒక వ్యవస్థకై వ్రాసిన ప్రోగ్రాము మరియొక వ్యవస్థపై సాధారణముగా నడువదు. రెండింటిని అడుగు భాష వేరు. మార్పునందలి కష్టమంతయు ఈ ఒక్క వాక్యములోనే ఉన్నది.

తొలి కంప్యూటర్లకు ఇట్టి వ్యవస్థ లేనే లేదు. ఒక పని ముగిసిన పిదప మనిషి వచ్చి రెండవ పనిని యంత్రమునకు అందించెడివాడు. ఆ నడుమ కాలము వృథా. 1956లో అమెరికాలోని జనరల్ మోటార్స్ పరిశోధనశాలవారును, నార్త్ అమెరికన్ ఏవియేషన్ సంస్థవారును కలిసి ఐబీఎం 704 యంత్రమునకు ఒక ప్రోగ్రాము తయారుచేసిరి. ఒక పని ముగియగానే తరువాతి పనిని యంత్రమే అందుకొనునట్లు అది చేసెను. ఆపరేటింగ్ సిస్టమ్‌లలో మొదటిదిగా దీనినే పేర్కొందురు.

ఆ దినములలో ఒక సంస్థ పాత కంప్యూటరును విడిచి పెద్ద కంప్యూటరును కొన్నచో, ప్రోగ్రాములన్నిటిని మరల మొదటినుండి వ్రాసికొనవలసి వచ్చెడిది. ఈ బాధను తొలగించుటకు ఐబీఎం సంస్థ 1964 ఏప్రిల్ 7న సిస్టమ్/360 అను యంత్రముల శ్రేణిని ప్రకటించినది. చిన్న యంత్రమునకు వ్రాసిన ప్రోగ్రాము పెద్ద యంత్రముపైనను నడుచునని దాని వాగ్దానము. అంతేకాక, పాత 1401 యంత్రముల ప్రోగ్రాములను కొత్త యంత్రము అనుకరించి నడుపు ఏర్పాటును కూడ కొన్ని నమూనాలలో చేసిరి. “యంత్రము మారినను పని నిలువకూడదు” అను సూత్రము కంప్యూటరు చరిత్రలో ఇట్లు స్థిరపడినది.

1969లో బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అను శాస్త్రజ్ఞులు యూనిక్స్ అను వ్యవస్థను ప్రారంభించిరి. 1973లో దానిని సీ అను భాషలో తిరిగి వ్రాసిరి. అంతవరకు ఆపరేటింగ్ సిస్టమ్ ఏ యంత్రమునకు పుట్టినదో ఆ యంత్రమునకే అతుకుకొని ఉండెడిది. యూనిక్స్‌ను ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు తరలించుట సులభమైనది. నేటి వ్యవస్థలలో అనేకము దీని సంతతియో, దీని పద్ధతిని అనుసరించినవియో అయియున్నవి.

కంప్యూటరు ఇంటికి వచ్చిన విధము

సిలికాన్ ముక్కపై లెక్కించు భాగమునంతయు ఇమిడ్చిన మైక్రోప్రాసెసర్ 1971లో వెలువడిన తరువాత చిన్న కంప్యూటర్లు సాధ్యమైనవి. వాటికై గ్యారీ కిల్డాల్ 1974లో సీపీ/ఎం అను వ్యవస్థను రూపొందించెను. 1981 ఆగస్టు 12న ఐబీఎం తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినది. దానికి వ్యవస్థను అందించిన సంస్థ మైక్రోసాఫ్ట్. టిమ్ పాటర్సన్ అను యువకుడు సియాటిల్‌లోని ఒక చిన్న సంస్థలో వ్రాసిన వ్యవస్థను మైక్రోసాఫ్ట్ కొని, మెరుగుపరచి, డాస్ అను పేర అమ్మినది. నల్లని తెరపై అక్షరములతో ఆజ్ఞలు వ్రాయుట దాని పద్ధతి.

1984లో ఆపిల్ సంస్థ మాకింటాష్, 1985లో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ మొదటి రూపము వెలువడినవి. తెరపై బొమ్మలను మౌస్‌తో తాకి పని చేయించు పద్ధతి ఇట్లు వ్యాపించినది. 1995 ఆగస్టు 24న విండోస్ 95, 1998లో విండోస్ 98, 2001 అక్టోబరు 25న విండోస్ ఎక్స్‌పీ వచ్చినవి. పాత డాస్ ప్రోగ్రాములను విండోస్ 95 విడనాడలేదు. మైక్రోసాఫ్ట్ వ్యవస్థలు ఇంటింటికి చేరుటకు ఇది యొక ముఖ్య కారణము. కాని ఇట్టి వాగ్దానములకు హద్దు కలదు. 64 బిట్ల విండోస్ వచ్చిన పిమ్మట డాస్ కాలపు 16 బిట్ల ప్రోగ్రాములు వాటిపై నడువకపోయినవి.

విజయవాడ, గుడివాడ, మచిలీపట్నము, తెనాలి మొదలగు పట్టణములలో చాలమంది కంప్యూటరును మొదట చూచినది ఇంట కాదు; శిక్షణ కేంద్రములలోను, అచ్చుపనివారి గదులలోను. కృష్ణా డెల్టా తొలినుండి అచ్చుకు పెట్టినది పేరు. కృష్ణాపత్రిక 1902లో మచిలీపట్నమున పుట్టినది. విశాలాంధ్ర దినపత్రిక 1952లోను, ఆంధ్రజ్యోతి 1960లోను విజయవాడనుండి వెలువడినవి. పాఠ్యగ్రంథములు, నవలలు, పంచాంగములు, శుభలేఖలు అచ్చువేయు ముద్రణాలయములు ఈ నగరమున అనేకము. సీసపు అక్షరములను గళ్ళపెట్టెలోనుండి ఏరి కూర్చు కంపోజిటరు స్థానమున 1990 తరువాత క్రమముగా కంప్యూటరు వచ్చి కూర్చున్నది. ఆపరేటింగ్ సిస్టమ్ మార్పు అను ప్రశ్న తెలుగువారికి క్లిష్టమైనది ఇచ్చటనే.

తెలుగు అక్షరము నడచిన రెండు దారులు

కంప్యూటరునకు అక్షరము తెలియదు. సంఖ్య మాత్రమే తెలియును. ప్రతి అక్షరమునకు ఒక సంఖ్యను కేటాయింపవలెను. ఆనాటి పద్ధతిలో ఒక అక్షరమునకు 8 బిట్లు, అనగా 256 స్థానములు మాత్రమే. వాటిలో రోమన్ లిపికి, అంకెలకు, గుర్తులకు పోగా మిగిలినవి కొద్ది. తెలుగునకు అచ్చులు, హల్లులు, గుణింతములు, వత్తులు కలిసి వందలకొలది ఆకారములు కావలెను. పైగా ఆనాటి విండోస్‌నకు తెలుగు అను లిపి ఉన్నదనియే తెలియదు.

ఈ చిక్కును అచ్చుపనివారికి కావలసిన సాఫ్ట్‌వేర్ తయారుచేయువారు ఒక ఉపాయముతో దాటిరి. రోమన్ అక్షరముల స్థానములలోనే తెలుగు ఆకారములను చెక్కి ఫాంట్లు తయారుచేసిరి. కంప్యూటరు దృష్టిలో అది రోమన్ అక్షరమే. తెరపై, కాగితముపై మాత్రము తెలుగు తునక కనిపించును. తునకలను ప్రక్కప్రక్కన పేర్చి అక్షరమును కట్టుదురు. అను ఫాంట్లు, శ్రీలిపి మొదలగునవి ఈ మార్గమున నడచినవి. పేజ్‌మేకర్ వంటి ప్రోగ్రాములో వీటిని వాడి తెలుగు పుస్తకములను వేలకొలది అచ్చువేసిరి. సీసపు అక్షరములతో కూర్చునప్పటి శ్రమ తగ్గినది. పుస్తకముల అందము పెరిగినది. ఆనాటి అవసరమునకు ఇది చక్కని పరిష్కారమే.

కాని ఇందులో ఒక లోపము దాగియున్నది. ఆ ఫైలును అదే ఫాంటు లేని కంప్యూటరులో తెరచినచో అర్థములేని రోమన్ అక్షరములు, గుర్తులు కనిపించును. ఒక సంస్థ ఫాంటులో ‘క’ ఉన్న స్థానమున మరియొక సంస్థ ఫాంటులో వేరొక తునక ఉండును. అట్టి ఫైలులో ఒక మాటను వెదకుట, పదములను అకారాది క్రమమున పేర్చుట సాధారణ ప్రోగ్రాములకు సాధ్యము కాదు. ఫైలు, ఫాంటు, కీబోర్డు ప్రోగ్రాము, ఆపరేటింగ్ సిస్టమ్ నాలుగును ఒక దానితో నొకటి ముడిపడినవి. ఒకటి జారినచో నాలుగును జారును.

రెండవ దారి అక్షరము ఆకారమునకు గాక, అక్షరమునకే సంఖ్య నిచ్చుట. భారత ప్రమాణముల సంస్థ 1991లో భారతీయ లిపుల కన్నిటికి ఇస్కీ అను ప్రమాణమును వెలువరించినది. అదే సంవత్సరము అక్టోబరులో ప్రపంచ భాషల కన్నిటికి ఉద్దేశించిన యూనికోడ్ మొదటి రూపము వచ్చినది. అందులో తెలుగునకు 128 స్థానములు కేటాయించిరి. దీని ప్రకారము ‘అ’ సంఖ్య 3077. ‘క’ సంఖ్య 3093. విజయవాడలోనైనను, టోక్యోలోనైనను, ఏ ఫాంటులోనైనను ఈ సంఖ్య మారదు.

‘స్త్రీ’ అను మాటను తీసికొని ఈ రెండు పద్ధతుల భేదమును చూడవచ్చును. యూనికోడ్‌లో ఇది స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారము అను ఆరు సంఖ్యల వరుస. పలుకు క్రమమే వ్రాత క్రమము. పాత ఫాంటులో ముందు దీర్ఘముతో కూడిన ‘సీ’ ఆకారము, దాని క్రింద తవత్తు తునక, పిదప రవత్తు తునక వచ్చును. అనగా కన్ను చూచు క్రమము. మొదటిది భాషను భద్రపరచినది. రెండవది బొమ్మను భద్రపరచినది. ఒక దానినుండి మరియొక దానికి మార్చు ప్రోగ్రాములు లేకపోలేదు. కాని ప్రతి ఫాంటునకు వేరు పట్టిక కావలెను. మార్చిన పిదప వత్తులను, సంయుక్తాక్షరములను మనిషి కూర్చుండి సరిచూడవలెను.

ఆరు సంఖ్యలను చదివి ఒక ‘స్త్రీ’గా తెరపై కూర్చు బాధ్యత ఇప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌పై పడినది. విండోస్‌లో ఈ శక్తి తెలుగునకు 2001లో ఎక్స్‌పీతో లభించినది. గౌతమి అను ఫాంటు దానితోనే వచ్చినది. అయినను క్లిష్ట లిపులకు సంబంధించిన భాగమును వాడుకరి విడిగా స్థాపించుకొనవలసి యుండెను. ఆ సంగతి తెలియనివారు “కంప్యూటరులో తెలుగు రాదు” అని భ్రమపడిరి. విస్టా నుండి ఈ చిక్కు తొలగినది. వ్యవస్థ సిద్ధమైనను అచ్చుపనివారు వెంటనే కదలలేకపోయిరి. వారు వాడు పేజ్‌మేకర్‌నకు యూనికోడ్ తెలుగు తెలియదు. అడోబీ సంస్థవారి ఇన్‌డిజైన్‌లో తెలుగు మొదలగు భారతీయ లిపుల కూర్పు 2012లో గాని రాలేదు. అందుచేత పాత పుస్తకములను మరల అచ్చువేయుటకై పాత విండోస్ నడచు పాత యంత్రమును ఒక మూల భద్రపరచుకొనుట ముద్రణవృత్తిలో అలవాటైనది. ఇది సోమరితనము కాదు. పుస్తకముల ప్రతులు ఆ యంత్రములో చిక్కుకొనియున్నవి.

గడువు తీరుట అననేమి?

ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌నకు దాని తయారీదారు ఒక గడువు పెట్టును. విండోస్ 98కు 2006 జూలై 11న, ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న గడువు తీరినది. గడువు తీరిన మరునాడు యంత్రము ఆగిపోదు. నిన్నటివలెనే వెలుగును, నిన్నటివలెనే పనిచేయును. అందువలననే దీని ప్రమాదము కంటికి కనిపించదు.

డెల్టా కాలువల గట్లపై లస్కర్లు తిరుగుచుందురు. గట్టులో ఎలుక బొరియ కనిపించినచో వెంటనే మన్ను కూరి పూడ్చుట వారి పని. పూడ్చకున్నచో ఒక రాత్రి అదే గండియగును. కోట్లకొలది ఆజ్ఞలు కల ఆపరేటింగ్ సిస్టమ్‌లో బొరియలు ఎప్పటికప్పుడు బయటపడుచునే ఉండును. తయారీదారు పంపు సవరణలు వాటిని పూడ్చును. గడువు తీరుట అనగా లస్కరును తీసివేయుట. ఆ తరువాత కనిపించిన బొరియను పూడ్చువాడు లేడు. అందులో దూరదలచినవానికి మాత్రము అది తెలియును.

2017 మే 12న వన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతట వ్యాపించెను. విండోస్ కంప్యూటర్లు ఒకదానితో నొకటి ఫైళ్ళు పంచుకొను మార్గములోని బొరియగుండ అది దూరినది. ఫైళ్ళకు రహస్య తాళములు వేసి, వాటిని తెరచుటకు 300 డాలర్ల విలువగల బిట్‌కాయిన్లు చెల్లింపుమని కోరినది. సుమారు 150 దేశములలో రెండు లక్షలకు మించి కంప్యూటర్లు దీని పాలైనవి. ఇంగ్లండులో ఆసుపత్రుల పనులు స్తంభించినవి. ఆంధ్రప్రదేశ్‌లో కృష్ణా, గుంటూరు, చిత్తూరు, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాలలోని పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని తాకిడికి లోనైనవని ఆనాటి వార్తలు వెల్లడించినవి. దూరదేశపు వార్తగా కనిపించిన విషయము రెండవనాటికి విజయవాడ సీమకు చేరినది.

ఈ సంఘటనలో ఉపాధ్యాయులు విద్యార్థులకు బోధింపవలసిన సూక్ష్మము కలదు. ఆ బొరియను పూడ్చు సవరణను మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే విడుదల చేసినది. తాకిడికి లోనైన యంత్రములలో అత్యధికము గడువు తీరిన ఎక్స్‌పీ కాదు. అప్పటికి గడువున్న విండోస్ 7. అనగా సవరణ చేతికి వచ్చియు దానిని వేసికొనని యంత్రములే ఎక్కువగా దెబ్బతిన్నవి. కొత్త వ్యవస్థను కలిగియుండుటయే రక్షణ కాదు. దానిని ఎప్పటికప్పుడు సవరించుకొనుట, ముఖ్యమైన ఫైళ్ళకు వేరొకచోట నకలు ఉంచుకొనుట రక్షణ. నకలు ఉన్నవారు డబ్బు చెల్లింపనక్కరలేకయే ఆ ఆపదనుండి బయటపడగలిగిరి.

వేరొక వ్యవస్థకు మారుట

ఒక సంస్థ పెట్టిన గడువునకు బద్ధుడు కాకుండ ఉండు మార్గము కలదా? ఈ ప్రశ్నకు సమాధానము 1983లో మొదలైనది. ఆ సంవత్సరము రిచర్డ్ స్టాల్‌మన్ అను అమెరికన్ గ్నూ అను ప్రణాళికను ప్రకటించెను. ప్రోగ్రామును ఎవరైనను వాడవచ్చును, దాని లోపలి వ్రాతను చదువవచ్చును, మార్చవచ్చును, ఇతరులకు పంచవచ్చును అనునవి దాని సూత్రములు. 1991లో ఫిన్లండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ యూనిక్స్ పద్ధతిలో లినక్స్ అను కేంద్రభాగమును వ్రాసి అందరికి అందించెను. ఈ రెండింటి కలయికయే గ్నూ/లినక్స్. దానిని రకరకములుగా కూర్చి డెబియన్ (1993), ఉబుంటు (2004), లినక్స్ మింట్ (2006) మొదలగు పంపకములు వెలువడినవి. వీటికిని గడువులు కలవు. కాని తరువాతి రూపము ఉచితము. పాత యంత్రములకు తగినంత తేలికయైన రూపములును కలవు.

మన దేశమున సీ-డాక్ సంస్థ 2007లో బాస్ లినక్స్ అను పంపకమును విడుదల చేసినది. తెలుగుతో సహా భారతీయ భాషలకు అందులో తావు కలదు. తెలుగునాట స్వేచ్ఛ అను స్వచ్ఛంద ఉద్యమమువారు డెబియన్ ఆధారముగా తెలుగు వ్యవస్థను కూర్చిరి. పాఠశాల పిల్లలకై బాల స్వేచ్ఛ అను రూపమును కూడ తెచ్చిరి. తెరపై వచ్చు మాటలను తెలుగు చేయుటకు ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు అనేకులు పాటుపడిరి. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన 2000, రెడ్ హ్యాట్ సంస్థవారు అందరికి అందించిన లోహిత్ తెలుగు వంటి యూనికోడ్ ఫాంట్లు ఈ వ్యవస్థలలో తెలుగు చదువుటకు తోడ్పడినవి. పొరుగున కేరళ రాష్ట్రము తన ప్రభుత్వ పాఠశాలల కంప్యూటర్లను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌నకు మార్చి, వేలకొలది ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చి, ఈ మార్పు పెద్ద ప్రమాణమున సాధ్యమని నిరూపించినది. అచ్చట జయమునకు మూలము వ్యవస్థ ఉచితమగుట ఒక్కటే కాదు, ఉపాధ్యాయుల శిక్షణ.

లినక్స్ అనగానే అది నిపుణుల వస్తువని భయపడువారు కలరు. కాని 2008నుండి వచ్చిన ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉన్న కేంద్రభాగము లినక్సే. ప్రపంచములోని అతివేగముగల 500 సూపర్ కంప్యూటర్లన్నియు 2017 నవంబరునాటికి లినక్స్‌పైననే నడుచుచుండెను. వాడుకరి చేతిలోనిది, శాస్త్రజ్ఞుని గదిలోనిది మారినవి. నడుమనున్న ఇంటి బల్లపై కంప్యూటరు మాత్రము చాలవరకు మారలేదు. దీనికి కారణము వ్యవస్థ కష్టము కాదు. పాత ప్రోగ్రాములు, పాత ఫైళ్ళు, పాత అలవాటు. తెలుగు అచ్చుపనివారి విషయమున ఇది మరింత నిజము. పాత ఫాంట్లతో పనిచేయు కీబోర్డు ప్రోగ్రాములు విండోస్‌నకే వ్రాసినవి. లినక్స్‌పై అవి యథాతథముగా నడువవు.

2025 తరువాతి నిర్ణయము

విండోస్ 11, 2021 అక్టోబరు 5న విడుదలైనది. ఇంతకుముందు ఏ రూపమును కోరని నిబంధనలను ఇది కోరినది. రహస్య తాళపు సంఖ్యలను భద్రపరచు టీపీఎం 2.0 అను భాగము ఉండవలెను. ఇంటెల్ ప్రాసెసర్ అయినచో సుమారుగా ఎనిమిదవ తరమో, ఆపైదో కావలెను. 4 గిగాబైట్ల జ్ఞాపకము, 64 గిగాబైట్ల డిస్కు కనీసము ఉండవలెను. ఎనిమిదవ తరము 2017లో గాని రాలేదు. కనుక చక్కగా పనిచేయుచున్న యంత్రములు అనేకము ఈ గీతకు అవతల నిలిచిపోయినవి.

2014లో కొన్న కంప్యూటరు విజయవాడలో ఒక ఇంట ఉన్నదనుకొందము. అందులోని ప్రాసెసర్ నాలుగవ తరమునకు చెందినది. వ్యవస్థ విండోస్ 10. ఆ ఇంటివారి ముందు నాలుగు మార్గములు కలవు.

మొదటిది ఏమియు చేయకుండుట. ఇంటర్నెట్‌తో సంబంధము లేకుండ, పాత ఫైళ్ళను తెరచుటకు మాత్రము వాడునెడల ఇది తప్పు కాదు. పెన్ డ్రైవ్‌ల విషయమున జాగ్రత్త పడవలెను. బ్యాంకు పనులు చేయు యంత్రమునకు ఇది తగదు.

రెండవది గడువు పొడిగించుకొనుట. విండోస్ 10కి రక్షణ సవరణలను 2026 అక్టోబరు 13 వరకు ఇండ్లవారికి అందించు ఏర్పాటును మైక్రోసాఫ్ట్ ప్రకటించినది. తెగిన ఆనకట్టకు వేసిన తాత్కాలికపు అడ్డుకట్ట వంటిది ఇది. నిర్ణయమును వాయిదా వేయునే కాని తప్పించదు.

మూడవది విండోస్ 11 గల కొత్త యంత్రమును కొనుట. విండోస్ ప్రోగ్రాములు తప్పనిసరిగా కావలసినవారికి, ఖర్చు భరింపగలవారికి ఇది సులభము. కాని పాత 16 బిట్ల ప్రోగ్రాములు, ప్రింటరు తీగ తగిలించుచోట తాళపు ముక్క పెట్టవలసిన ప్రోగ్రాములు కొత్త యంత్రముపై నడుచుననుకొనరాదు. విండోస్ నుండి విండోస్‌నకే పోవుచున్నను కాలువలు తెగవచ్చునని మరువరాదు. నిబంధనలను ఏమార్చి పాత యంత్రముపై విండోస్ 11ను ఎక్కించు ఉపాయములు కలవు. అట్టి యంత్రములకు సవరణలు వచ్చునని తయారీదారు హామీ ఇచ్చుట లేదు.

నాలుగవది అదే యంత్రముపై లినక్స్ వేసికొనుట. ఇంటర్నెట్ చూచుట, ఉత్తరములు, యూనికోడ్ తెలుగులో వ్రాత, లిబ్రే ఆఫీసులో లెక్కలు, పిల్లల చదువు ముఖ్యమైనచో ఇది సరిపోవును. దీనిని పరీక్షించుటకు పాత వ్యవస్థను చెరుపనక్కరలేదు. పెన్ డ్రైవ్‌లో లినక్స్‌ను ఉంచి దానినుండియే యంత్రమును నడిపి, తెర, శబ్దము, వైఫై, ప్రింటరు పనిచేయుచున్నవో లేదో చూడవచ్చును. తృప్తి కలిగిన పిమ్మట డిస్కును రెండుగా విభజించి రెండు వ్యవస్థలను ప్రక్కప్రక్కన ఉంచవచ్చును. అట్లు విభజించుటకు ముందు ఫైళ్ళ నకలు వేరొక డిస్కులో ఉండితీరవలెను.

ఈ నాలుగింటిలో ఒకటి శ్రేష్ఠము, తక్కినవి హీనము అని చెప్పుటకు వీలులేదు. కంప్యూటరు ఎందుకు వాడుచున్నారో ముందు చూడవలెను. ఇంటివారు నిత్యము వాడు ప్రోగ్రాములు ఏవి? వాటికి కొత్త వ్యవస్థపై సమానమైనవి కలవా? ప్రింటరు, స్కానరు నడుచునా? చిక్కు వచ్చినప్పుడు సహాయపడువారు దగ్గర కలరా? అన్నిటికంటె ముఖ్యముగా, పాత ఫైళ్ళు ఏ రూపమున ఉన్నవి? ఈ ఐదు ప్రశ్నలకు కాగితముపై సమాధానము వ్రాసికొన్నచో నిర్ణయము చాలవరకు తానే తేలును.

కాపాడుకొనవలసినది

డాస్ పోయినది, విండోస్ 98 పోయినది, ఎక్స్‌పీ పోయినది. రేపు విండోస్ 11కును, నేటి లినక్స్ రూపములకును అదే గతి. ఆపరేటింగ్ సిస్టమ్ శాశ్వతము కాదు. అందులో భద్రపరచిన వ్రాత శాశ్వతము కావలెను. వ్యవస్థను మార్చువేళ జరుగు నష్టమును చరిత్రలో పరిశీలించినచో, యంత్రము పాడగుటచేత కలిగిన నష్టముతో పాటు, ఫైలు చెడకుండ ఉండియు చదువుటకు వీలులేక కలిగిన నష్టమును కనిపించును. పాత ఫాంట్లలో నిలిచిపోయిన తెలుగు వ్రాతలు దీనికి ఉదాహరణము.

కనుక వ్యవస్థ బాగుగా నడుచుచున్న దినములలోనే ఆ వ్రాతలను యూనికోడ్‌నకు మార్చుకొనవలెను. మార్చిన ప్రతిని ఒకరు చదివి దిద్దవలెను. అచ్చు రూపము మారకుండ ఉండుటకు ఫాంటును ఇమిడ్చిన పీడీఎఫ్ ప్రతిని కూడ తీసి ఉంచవలెను. ఉన్నత పాఠశాలలలో ఇది చక్కని విద్యార్థి ప్రణాళిక కాగలదు. పాఠశాల సంచికలు, గ్రామ చరిత్రలు, పాత ప్రశ్నపత్రములు పాత ఫాంట్లలో ఉన్నచో, ఒక్కొక్క విద్యార్థి పది పుటలను యూనికోడ్‌నకు మార్చి, మూలముతో సరిచూచి, దోషముల పట్టిక వ్రాయవచ్చును. ఏ అక్షరము ఎందుకు తప్పిపోయినదో వెదకునప్పుడు సంఖ్య, అక్షరము, ఆకారము అను మూడింటికిగల భేదము పుస్తకము చదివినదానికంటె స్పష్టముగా తెలియును. ఆ పని ముగిసిననాడు ఆ పాఠశాల కంప్యూటరులో ఏ వ్యవస్థ ఉండవలెను అనునది భయము లేకుండ తేల్చుకొనగల ప్రశ్నయగును.